నీటిబొట్టు అంచున కొలువుంది!

తామరాకు మీద నీళ్లు నిలవవు. నూలు చొక్కా మీద పడితే ఇంకిపోతాయి. శుభ్రమైన గాజు మీద పలచగా పరుచుకుంటాయి. రోజూ చూసేదే కాబట్టి పట్టించుకోం. కానీ పాల ప్యాకెట్ మీద అక్షరాల నుంచి ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ దాకా ఎన్నో వస్తువుల నాణ్యత ఈ ‘తడవడం’ మీదే ఆధారపడి ఉంది. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో రెండు మార్కుల ప్రశ్నగా చదివి వదిలేసే ఈ పాఠం కోర్ కంపెనీల్లో తరచూ ఎదురయ్యే సమస్య. ప్లేస్‌మెంట్లకు సిద్ధమవుతున్నవాళ్లు దీన్ని ఎలా చదవాలి? ఎక్కడ పనికొస్తుంది? చూద్దాం.

‘సాఫ్ట్‌వేర్ వద్దు, కోర్‌లోకే వెళ్తా’ అనుకునే మెకానికల్, కెమికల్, ఈసీఈ విద్యార్థులకు ఒక చిక్కు ఉంది. క్లాసులో చదివింది ఫ్యాక్టరీలో ఎక్కడ కనిపిస్తుందో చాలామందికి తెలియదు. ఇంటర్వ్యూలో ‘సర్ఫేస్ టెన్షన్ అంటే ఏంటి?’ అని అడిగితే నిర్వచనం గడగడా చెప్పేస్తారు. ‘మరి మా లైన్‌లో ప్లాస్టిక్ ఫిల్మ్ మీద ఇంకు ఎందుకు పట్టడం లేదు?’ అని తర్వాతి ప్రశ్న వస్తే ఆగిపోతారు. మొదటి ప్రశ్న నుంచి రెండోదానికి దారి చూపించేది ఒక చిన్న కోణం. దాని పేరు కాంటాక్ట్ యాంగిల్. తెలుగు మీడియంలో చదివినవాళ్లకు స్పర్శకోణంగా పరిచయమే.

అంచు దగ్గర ఏం జరుగుతుంది?

ఏదైనా ఉపరితలం మీద చిన్న నీటిబొట్టు పెట్టి, పక్క నుంచి చూడండి. బొట్టు అంచు ఆ ఉపరితలాన్ని తాకే చోట, నీటి లోపలి వైపు నుంచి కొలిచే కోణమే కాంటాక్ట్ యాంగిల్. అది సున్నాకు దగ్గరగా ఉంటే ద్రవం పూర్తిగా పరుచుకున్నట్టు. 90 డిగ్రీల లోపుంటే ఆ ఉపరితలాన్ని తడుపుతోందని, 90 దాటితే సరిగ్గా తడపడం లేదని లెక్క. 150 దాటితే దాన్ని సూపర్ హైడ్రోఫోబిక్ అంటారు. అక్కడ బొట్టు దాదాపు గోళీలా నిలబడుతుంది.

ఈ కోణాన్ని నిర్ణయించేది మూడు సరిహద్దుల మధ్య లాగులాట. ఘనానికీ గాలికీ మధ్య ఒకటి, ఘనానికీ ద్రవానికీ మధ్య ఒకటి, ద్రవానికీ గాలికీ మధ్య ఒకటి. ప్రతి సరిహద్దుకూ కొంత శక్తి ఖర్చవుతుంది. మొత్తం ఖర్చు ఎలా తగ్గుతుందో బొట్టు ఆ ఆకారంలోకి సర్దుకుంటుంది. 1805లో ఈ సంగతి చెప్పింది థామస్ యంగ్. డబుల్ స్లిట్ ప్రయోగం, యంగ్స్ మాడ్యులస్ పాఠాల్లో కనిపించే యంగ్ ఈయనే. ఆయన దీన్ని సమీకరణంగా కాకుండా మాటల్లోనే రాశారు. ఇప్పుడు పుస్తకాల్లో ఉన్న రూపం ఇదీ:

ఘనం-గాలి శక్తి = ఘనం-ద్రవం శక్తి + (ద్రవం తలతన్యత × కాస్ థీటా)

తలతన్యత అంటే సర్ఫేస్ టెన్షనే. గది ఉష్ణోగ్రత దగ్గర నీటికి ఇది మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు. ఇథనాల్‌కు దాదాపు 22 మాత్రమే. పాదరసానికి 480కి పైనే. పాదరసం అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టే గాజు మీద అది పరుచుకోకుండా ముద్దగా నిలబడుతుంది. అక్కడ కోణం దాదాపు 140 డిగ్రీలు. టెఫ్లాన్ మీద నీటికి 110 దాకా వస్తుంది. బాగా శుభ్రం చేసిన గాజు మీద నీటికి సున్నాకు దగ్గర. అదే గాజు మీద వేలిముద్ర జిడ్డు ఉంటే కోణం పెరిగిపోతుంది.

ప్లాంటులో పని చేసేవాళ్లు దీని నుంచి తీసుకునే సూత్రం సులువైనది: ద్రవం తలతన్యత ఘనపు ఉపరితల శక్తి కన్నా తక్కువగా ఉంటే అది పరుచుకుంటుంది, ఎక్కువగా ఉంటే ముడుచుకుంటుంది. ఇది కచ్చితమైన నియమం కాదు కానీ, మొదటి అంచనాకు సరిపోతుంది. అమెరికా నేవల్ రీసెర్చ్ ల్యాబొరేటరీలో విలియం జిస్మన్ బృందం రకరకాల ద్రవాలతో ప్లాస్టిక్‌ల మీద కొలతలు తీసి ఇలాంటి అంచనాలకు అంకెలు ఇచ్చింది. వాటి ప్రకారం పాలిథీన్‌కు సుమారు 31, టెఫ్లాన్‌కు 18 నుంచి 19.

పాల ప్యాకెట్ చెప్పే పాఠం

ఇప్పుడు ఇంకు ప్రశ్నకు వద్దాం. పాల ప్యాకెట్ పాలిథీన్‌తో తయారవుతుంది. 31 దగ్గర ఉన్న ఉపరితలం మీద ఇంకు సరిగ్గా పరుచుకోదు, పరుచుకున్నా గట్టిగా పట్టదు. అందుకే ప్రింటింగ్‌కు ముందు ఫిల్మ్‌ను కరోనా ట్రీట్‌మెంట్‌కు పంపిస్తారు. వైరస్‌తో సంబంధం లేదు, ఇది కరెంటు పని. హై వోల్టేజీ డిశ్చార్జి కింద నుంచి ఫిల్మ్ వెళ్తుంటే, పైపొరలో ఆక్సిజన్ ఉన్న రసాయన సమూహాలు ఏర్పడతాయి. ఉపరితల శక్తి 38, ఆపైకి చేరుతుంది. ఇంకు తలతన్యత కన్నా ఫిల్మ్ అంకె పది దాకా ఎక్కువ ఉండేలా చూసుకోవడం ప్రింటింగ్ యూనిట్లలో ఉన్న అలవాటు.

దీన్ని పరీక్షించడానికి డైన్ పెన్నులు వాడతారు. ఒక్కో పెన్నులో ఒక్కో తలతన్యత ఉన్న ద్రవం ఉంటుంది. గీత గీస్తే చెదరకుండా నిలిచిందంటే ఫిల్మ్ ఆ అంకెకు సరిపోయినట్టు. గీత చిన్న చిన్న చుక్కలుగా ముడుచుకుపోతే సరిపోనట్టు. ఇందులో ఒక మెలిక ఉంది. ట్రీట్‌మెంట్ చేసిన ఫిల్మ్‌ను గోదాంలో ఎక్కువ రోజులు ఉంచితే ఆ ప్రభావం క్రమంగా తగ్గుతుంది. రోల్ వచ్చిన రోజు పాసైందే నెలల తర్వాత ఫెయిలవ్వచ్చు. ఇంకు మార్చాలా, మెషిన్ సెట్టింగ్ మార్చాలా అని తలపట్టుకునే ముందు ‘ఈ రోల్ ఎప్పటిది? డైన్ ఎంత ఉంది?’ అని అడిగే ఇంజినీరు కంపెనీకి చాలా సరకు వృథా కాకుండా ఆపుతారు.

తామరాకు రహస్యం

సంసారంలో ఉంటూనే దేన్నీ అంటించుకోనివాళ్లను తామరాకు మీద నీటిబొట్టుతో పోలుస్తాం. ఆ ఆకు ఎందుకలా ఉంటుందో వివరంగా లోకానికి చెప్పింది జర్మనీ వృక్ష శాస్త్రవేత్తలు విల్హెల్మ్ బార్ట్‌లాట్, క్రిస్టోఫ్ నైన్‌హుయిస్. 1997లో వాళ్లు ప్రచురించిన పరిశోధనలో తేలింది ఏమిటంటే, ఆకు మీద మైనం ఒక్కటే కారణం కాదు. కంటికి కనిపించని సన్నని బుడిపెలు, వాటి మీద ఇంకా సన్నని మైనపు నిర్మాణాలు ఉంటాయి. బొట్టు ఆ బుడిపెల కొనల మీద మాత్రమే కూర్చుంటుంది, కింద గాలి నిలిచి ఉంటుంది. దొర్లేటప్పుడు దుమ్మును కూడా పట్టుకుపోతుంది.

ఎంత మంచి మైనమైనా, ఫ్లోరిన్ పూత అయినా నున్నటి ఉపరితలం మీద కోణం 120 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అంతకు మించాలంటే గరుకుదనం కావాల్సిందే. 1936లో వెంజెల్, 1944లో కాసీ, బ్యాక్స్‌టర్ ఇచ్చిన సమీకరణాలు దీనికోసమే. వెంజెల్ సూత్రం సారాంశం గుర్తుంచుకోండి: తడిసే గుణం ఉన్న ఉపరితలాన్ని గరుకు చేస్తే ఇంకా బాగా తడుస్తుంది, తడవని దాన్ని గరుకు చేస్తే ఇంకా తడవదు. అందుకే పెయింటు వేసే ముందు శాండ్‌పేపర్ పెట్టడం మేలు చేస్తుంది కానీ, జిడ్డు తుడవకుండా పెడితే ఆ మేలు దక్కదు.

పొలంలో ఇదే నష్టం

వరి, చామ, ఉల్లి, క్యాబేజీ ఆకుల మీద కూడా మైనపు పూత ఉంటుంది. మొక్కకు అది రక్షణ. పురుగు మందు కొట్టే రైతుకు అదే ఇబ్బంది. 72 మిల్లీన్యూటన్ల నీటిలో మందు కలిపి కొడితే బొట్లు ఆకును తాకి ఎగిరిపోతాయి, లేదా దొర్లి నేల మీద పడతాయి. ఖర్చు పెట్టిన మందులో కొంత మట్టి పాలవుతుంది. అందుకే వ్యవసాయ అధికారులు జిగురు మందు కలపమంటారు. వేపనూనె కొట్టేటప్పుడు సబ్బు పొడి కలపడం మన రైతులకు తెలిసిందే. సబ్బు నూనెను నీటిలో కలిసేలా చేస్తుంది, నీటి తలతన్యతను కూడా తగ్గిస్తుంది. సాధారణ సర్ఫాక్టెంట్లు దాన్ని 30 దగ్గరకు తెస్తే, సిలికాన్ రకం 20 నుంచి 22 దాకా దించుతాయి. అప్పుడు బొట్టు ఆకు మీద పలచటి పొరలా పరుచుకుంటుంది.

మరీ ఎక్కువ కలిపితే? పొర పలచబడి, మందు ఆకు చివర నుంచి కారిపోతుంది. కొన్ని పంటల్లో ఆకు మాడుతుంది కూడా. కాబట్టి ఏ పంటకు, ఏ మందుకు, ఎంత మోతాదు అన్నది పరీక్షించి తేల్చాల్సిన విషయం. డ్రోన్లతో మందు కొట్టేటప్పుడు ఎకరాకు వాడే నీళ్లు బాగా తగ్గుతాయి. పడే ప్రతి బొట్టూ నిలబడాలి. బొట్టు సైజు, నాజిల్, ఎత్తు, జిగురు మందు.. అన్నీ కలిపి చూసేవాళ్లు కావాలి. అగ్రికల్చర్, మెకానికల్, కెమికల్ విద్యార్థులు కలిసి చేయదగ్గ ఫైనలియర్ ప్రాజెక్టు ఇది.

ఆపడమూ ఒక విద్యే

అన్నిచోట్లా ద్రవం పరుచుకోవాలని లేదు. శ్రీకాళహస్తి కలంకారీ చూడండి. ఉతికిన నూలు గుడ్డ మీద రంగు పెడితే దారాల వెంట పాకిపోతుంది. గీత చెదిరిపోతుంది. అందుకే కళాకారులు గుడ్డను ముందుగా కరక్కాయ, గేదె పాలు కలిపిన ద్రావణంలో నానబెట్టి ఎండబెడతారు. కరక్కాయ రంగు పట్టడానికి సాయపడితే, పాలలోని కొవ్వు రంగు పక్కకు పాకకుండా ఆపుతుంది. ఇక కలం సంగతి: చెక్కిన వెదురు పుల్లకు పైన ఉన్ని చుట్టి దారంతో కడతారు. ఆ ఉన్ని రంగును పీల్చి నిల్వ ఉంచుకుంటుంది. వేళ్లతో నొక్కితే కొద్దికొద్దిగా కొన వరకు దిగుతుంది. కేశనాళికీయత అని మనం పరీక్షలో రాసేదాన్ని వాళ్లు తరాలుగా చేతుల్లో పెట్టుకున్నారు.

ఇంక్‌జెట్ పేపర్, రెయిన్‌కోటు, కాంక్రీటు మీద వేసే వాటర్‌ప్రూఫింగ్.. ఇవన్నీ ఇలా ‘ఎక్కడ ఆగాలి’ అనే ప్రశ్నకు జవాబులే.

ఏ బ్రాంచికి ఎక్కడ?

‘వెట్టింగ్ ఇంజినీర్’ అనే పోస్టు ఏ జాబ్ పోర్టల్‌లోనూ కనిపించదు. ప్రాసెస్ ఇంజినీర్, కోటింగ్స్ ఆర్ అండ్ డీ, ఫార్ములేషన్, ఎస్‌ఎంటీ, సెల్ అసెంబ్లీ, క్వాలిటీ వంటి పేర్ల వెనక ఉంటుంది.

ఈసీఈ, ఈఈఈ: సర్క్యూట్ బోర్డు మీద కరిగిన సోల్డర్ రాగిని తడపాలి. రాగి మీద ఆక్సైడ్ పొర ఉంటే తడపదు, గుండులా నిలబడుతుంది. ఆ పొరను తీసేయడమే ఫ్లక్స్ పని. పాత తగరం-సీసం సోల్డర్ (63/37) 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి రాగిని చక్కగా తడిపేది. సీసం ప్రమాదకరం కాబట్టి యూరోపియన్ యూనియన్ 2006 జులై 1 నుంచి ఎలక్ట్రానిక్స్‌లో దాని వాడకాన్ని కట్టడి చేసింది. దాని స్థానంలో వచ్చిన ఎస్‌ఏసీ305 కరగడానికి 217 నుంచి 220 డిగ్రీలు కావాలి, రాగిని తడిపే గుణమూ కాస్త తక్కువ. అందుకే రీఫ్లో ఓవెన్ ప్రొఫైల్, నైట్రోజన్ వాడకం, ఫ్లక్స్ ఎంపిక అన్నీ ముఖ్యమయ్యాయి. బోర్డుల తనిఖీకి అందరూ వాడే ఐపీసీ-ఏ-610 ప్రమాణంలో నాన్‌వెట్టింగ్, డీవెట్టింగ్ అనే లోపాలు పేర్లతోనే ఉన్నాయి. శ్రీసిటీ, తిరుపతి, హైదరాబాద్ ప్రాంతాల్లోని ఎలక్ట్రానిక్స్ యూనిట్లకు ప్రయత్నించేవాళ్లు ఈ రెండింటి తేడా తెలుసుకుని వెళ్లాలి. అసలు తడపకపోవడం మొదటిది. తడిపి, మళ్లీ వెనక్కి ముడుచుకుపోవడం రెండోది.

బ్యాటరీలు: లిథియం అయాన్ సెల్‌లో ఎలక్ట్రోడ్లు, మధ్యలో సెపరేటర్ సన్నని రంధ్రాలతో నిండి ఉంటాయి. ఎలక్ట్రోలైట్ ప్రతి రంధ్రంలోకీ చేరాలి. సెపరేటర్‌లో వాడే పాలిథీన్, పాలిప్రొపిలీన్‌లను ఎలక్ట్రోలైట్ అంత సులువుగా తడపదు. అందుకే వాక్యూమ్‌లో నింపుతారు, సెరామిక్ పూత వేస్తారు, చార్జింగ్‌కు ముందు సెల్‌ను గంటల తరబడి నాననిస్తారు. పొడి మచ్చ మిగిలితే సామర్థ్యం తగ్గుతుంది, భద్రతకూ ముప్పు. 1921లో వాష్‌బర్న్ ఇచ్చిన సూత్రం ఇక్కడ పనికొస్తుంది: ద్రవం పాకే దూరం కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది. అంటే ఎలక్ట్రోడ్ వెడల్పు రెట్టింపైతే నానడానికి నాలుగు రెట్ల సమయం కావాలి. సెల్ సైజు పెంచాలనుకునే కంపెనీకి ఇది డబ్బు లెక్క.

ఫార్మసీ, కెమికల్: మాత్ర కడుపులో కరగాలంటే ముందు తడవాలి. నీటిని ఇష్టపడని మందుల్లో సోడియం లారిల్ సల్ఫేట్, పాలిసార్బేట్ 80 లాంటి వెట్టింగ్ ఏజెంట్లు కలుపుతారు. మాత్ర యంత్రానికి అతుక్కోకుండా కలిపే మెగ్నీషియం స్టియరేట్‌కు దీనికి వ్యతిరేక గుణం ఉంది. అది నీటిని దూరం పెడుతుంది. మోతాదు సరిగ్గానే ఉన్నా బ్లెండర్‌లో ఎక్కువసేపు కలిపితే రేణువుల చుట్టూ పొరలా పట్టి, మాత్ర కరగడం నెమ్మదిస్తుంది. డిజల్యూషన్ టెస్ట్ ఫెయిలైన బ్యాచ్‌లో ‘ఎన్ని నిమిషాలు కలిపారు?’ అన్నది మంచి మొదటి ప్రశ్న. హైదరాబాద్ చుట్టుపక్కల, విశాఖ దగ్గర పరవాడ ఫార్మా యూనిట్లలో చేరాలనుకునేవాళ్లకు ఇది పనికొచ్చే జ్ఞానం.

మెకానికల్: ల్యాప్‌టాప్‌లోని హీట్ పైపు లోపల ద్రవాన్ని వెనక్కి లాగేది పంపు కాదు, రాగి విక్‌లోని కేశనాళికీయత. థర్మల్ ప్లాంట్ల కండెన్సర్లలో ఆవిరి పొరలా కాకుండా బొట్లుగా చల్లారితే వేడి బదిలీ 5 నుంచి 10 రెట్లు మెరుగవుతుంది. 1930లోనే ఈ సంగతి ప్రచురితమైంది. అయినా ప్లాంట్లలో ఇంకా విస్తృతంగా రాలేదు, ఎందుకంటే బొట్లుగా ఉంచే పూతలు ఎక్కువ కాలం మన్నవు. ఎంటెక్, పీహెచ్‌డీ ఆలోచన ఉన్నవాళ్లకు ఇది తెరిచే ఉన్న సమస్య.

పెయింట్స్, ఆటోమొబైల్: కారు బాడీ మీద పెయింటు వేస్తే చేప కన్నులా గుండ్రటి గుంటలు పడటం తెలిసిన లోపం. సిలికాన్ నూనె కొంచెం తగిలినా చాలు, పెయింటు అక్కడి నుంచి పక్కకు జరిగిపోతుంది. అందుకే కార్ల పెయింట్ షాపుల్లోకి సిలికాన్ ఉన్న క్రీములు, డియోడరెంట్లు పూసుకుని రానివ్వరు. మెటల్ ప్లేట్ శుభ్రంగా ఉందో లేదో తెలుసుకోవడానికి వాటర్ బ్రేక్ టెస్ట్ ఉంది. కడిగిన ప్లేట్ మీద నీటి పొర చెదరకుండా నిలిస్తే శుభ్రం, తునకలైతే జిడ్డు ఉన్నట్టు. ఖరీదైన పరికరం ఏదీ అక్కర్లేదు.

మైనింగ్, మెటలర్జీ: ఖనిజాన్ని మట్టి నుంచి వేరు చేసే ఫ్రోత్ ఫ్లోటేషన్ మొత్తం కాంటాక్ట్ యాంగిల్ మీదే నడుస్తుంది. గ్జాంథేట్ లాంటి రసాయనం కలిపితే రాగి, సీసం, జింక్ ఖనిజ రేణువులు నీటిని వదిలి బుడగలకు అతుక్కుని పైకి తేలతాయి. మిగతాది అడుగుకు చేరుతుంది.

వీటితో పాటు కొత్తగా పెరుగుతున్న పని మరొకటి ఉంది. నీరు, నూనె రెండింటినీ తోసేసే పూతల తయారీలో వాడిన పీఎఫ్‌ఓఏ అనే ఫ్లోరిన్ రసాయనాన్ని 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందం కింద నిర్మూలించాల్సిన జాబితాలో చేర్చారు. ఫ్లోరిన్ లేకుండా అదే పని చేసే పూతల కోసం దుస్తులు, ప్యాకేజింగ్ రంగాల్లో వెతుకులాట సాగుతోంది.

వంటింట్లో మొదలైన సైన్సు

ఈ రంగంలో పేరు తెలుసుకోవాల్సిన వ్యక్తి ఆగ్నెస్ పాకెల్స్. 1862లో పుట్టారు. జర్మనీలో అప్పట్లో అమ్మాయిలకు విశ్వవిద్యాలయ ప్రవేశం లేదు. ఇంట్లో అనారోగ్యంతో ఉన్న తల్లిదండ్రులను చూసుకుంటూ, వంటింట్లో నీటి మీద జిడ్డు, సబ్బు పొరలు ఎలా ప్రవర్తిస్తున్నాయో గమనించారు. రేకు తొట్టి, ఒక చిన్న గుండీ, త్రాసులతో తలతన్యతను కొలిచే పరికరం తయారు చేసుకున్నారు. 1891లో తన ఫలితాలను ప్రసిద్ధ శాస్త్రవేత్త లార్డ్ రేలీకి ఉత్తరం రాస్తే, ఆయన దాన్ని ‘నేచర్’ పత్రికకు పంపి అచ్చు వేయించారు. ఉపరితల పొరల మీద పనికి 1932లో నోబెల్ అందుకున్న ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ వాడిన తొట్టికి మూలం ఈమె ఆలోచనే. మా కాలేజీలో ల్యాబ్ లేదు అనే మాట అనే ముందు ఈమెను గుర్తు చేసుకోండి.

మీ గదిలోనే ల్యాబ్

కాంటాక్ట్ యాంగిల్ కొలిచే యంత్రాన్ని గోనియోమీటర్ అంటారు. ఖరీదైనదే. కానీ సూత్రం నేర్చుకోవడానికి ఫోను చాలు.

• 1 మి.లీ.కి 100 గుర్తులున్న సిరంజి తీసుకోండి. ఒక గుర్తు అంటే 10 మైక్రోలీటర్లు. అంత చిన్న బొట్టును గురుత్వం పెద్దగా చదును చేయలేదు కాబట్టి దాన్ని గోళంలో ముక్కగా భావించవచ్చు.

• సబ్బుతో కడిగి ఆరబెట్టిన గాజు ముక్క, స్టీలు ప్లేటు, నాన్‌స్టిక్ పెనం, పాలిథీన్ సంచి, ఒక ఆకు.. వీటి మీద ఒక్కో బొట్టు పెట్టండి. వెనక తెల్ల కాగితం, దాని వెనక వెలుగు ఉంచండి. ఫోను కెమెరా సరిగ్గా ఉపరితలం ఎత్తులో ఉండాలి. స్కేలు కూడా ఫొటోలో పడాలి.

• బొట్టు ఎత్తు, అడుగు వెడల్పు కొలవండి. ఎత్తును వెడల్పులో సగంతో భాగించి, దాని టాన్ ఇన్వర్స్ తీసి, రెండుతో గుణిస్తే కోణం వస్తుంది. ఉదాహరణకు ఎత్తు 1.5 మి.మీ., వెడల్పు 4 మి.మీ. అయితే 1.5ను 2తో భాగిస్తే 0.75. టాన్ ఇన్వర్స్ సుమారు 37 డిగ్రీలు. కోణం 74 డిగ్రీలు.

• ప్రతి ఉపరితలం మీద కనీసం అయిదు బొట్లు పెట్టి సగటు, తేడా రెండూ రాయండి. ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఫొటోలను మరింత కచ్చితంగా కొలవచ్చు. పైథాన్ వచ్చినవాళ్లు అంచు గుర్తించే చిన్న ప్రోగ్రాం రాసుకోవచ్చు.

• తర్వాత నీటిలో డిష్‌వాష్ చుక్క కలిపి మళ్లీ చేయండి. సిరంజితో బొట్టును కొంచెం పెంచుతూ, కొంచెం పీలుస్తూ కోణాలు చూడండి. ముందుకు జరిగేటప్పుడు, వెనక్కి తగ్గేటప్పుడు కోణం వేర్వేరుగా ఉంటుంది. దీన్నే హిస్టెరిసిస్ అంటారు. కిటికీ అద్దం మీద వాన చుక్క జారకుండా వేలాడేది దీనివల్లే.

రెజ్యూమెలో ‘వెట్టింగ్ మీద అవగాహన ఉంది’ అని రాస్తే ఎవరూ ఆగి చదవరు. ‘అయిదు ఉపరితలాల మీద కాంటాక్ట్ యాంగిల్ కొలిచాను, సర్ఫాక్టెంట్ కలిపినప్పుడు వచ్చిన మార్పును లెక్కించాను, కొలతలో తేడా ఇంత’ అని రాయండి. తర్వాతి ప్రశ్న మీరు చేసిన పని మీదే వస్తుంది. అక్కడ మీకే పైచేయి.

ఇవి అడిగితే..?

1. ఒక మిల్లీమీటరు వ్యాసం ఉన్న గాజు గొట్టంలో నీళ్లు ఎంత ఎత్తుకు ఎక్కుతాయి?
దాదాపు 3 సెం.మీ. ఎత్తు = 2 × తలతన్యత × కాస్ థీటా ÷ (సాంద్రత × గురుత్వ త్వరణం × వ్యాసార్ధం). లోపల మైనం పూస్తే కోణం 90 దాటి, నీళ్లు ఎక్కకపోగా కిందికి దిగుతాయి.

2. అదే గొట్టాన్ని నీటి మట్టం నుంచి 1 సెం.మీ. ఎత్తులో కోసేస్తే నీళ్లు పైనుంచి పొంగుతాయా?
పొంగవు. పొంగితే ఖర్చు లేకుండా శక్తి వచ్చినట్టే కదా! నీళ్లు పై అంచుకు చేరి, అక్కడ నెలవంక ఆకారం చదునవుతుంది. 1 సెం.మీ. ఎత్తును మోయడానికి ఎంత వంపు కావాలో అంత వంపు దగ్గర ఆగిపోతుంది.

3. సబ్బు కలిపితే శుభ్రమైన గాజు గొట్టంలో నీళ్లు ఇంకా పైకి ఎక్కుతాయా?
ఎక్కవు, తగ్గుతాయి. గాజు ముందే బాగా తడుస్తోంది కాబట్టి కాస్ థీటా పెరగడానికి చోటు లేదు, తలతన్యత మాత్రం పడిపోయింది. మైనం ఉన్న గుడ్డలో అయితే కథ వేరు. అక్కడ కోణం 90 లోపుకు వస్తేనే నీళ్లు లోపలికి వెళ్తాయి.

4. పూత సరిగ్గా పట్టలేదు. మొదట ఏం చూస్తారు?
ఉపరితలం శుభ్రత. తర్వాత దాని శక్తి, ద్రవం తలతన్యత, గరుకుదనం, ఉష్ణోగ్రత. ఏది ఏ పరీక్షతో తేలుతుందో కూడా చెప్పండి.

ఎక్కడ నేర్చుకోవాలి?

గేట్ కెమికల్ ఇంజినీరింగ్ సిలబస్‌లో సర్ఫేస్ టెన్షన్ ఉంది. మెకానికల్, సివిల్ వాళ్లకు ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో ద్రవ ధర్మాల కింద వస్తుంది. కొలాయిడ్, ఇంటర్‌ఫేస్ సైన్స్ మీద ఎన్‌పీటీఈఎల్‌లో ఉచిత కోర్సులున్నాయి. పరిశోధన వైపు ఆసక్తి ఉంటే ఫ్రెంచ్ భౌతిక శాస్త్రవేత్త పియర్ జిల్ డి జెన్ 1985లో వెట్టింగ్ మీద రాసిన సమీక్షా వ్యాసం ఇప్పటికీ మొదట చదవదగ్గది. 1991లో ఆయనకు భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. హైదరాబాద్‌లో ఏఆర్‌సీఐ, సీఎస్‌ఐఆర్-ఐఐసీటీ సంస్థల్లో పూతలు, ఉపరితలాల మీద పని జరుగుతోంది. ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ నోటిఫికేషన్ల కోసం వాటి వెబ్‌సైట్లు చూస్తూ ఉండండి.

ఈ పాఠం ఒక్కటీ చదివితే ఉద్యోగం వచ్చేస్తుందని చెప్పడం లేదు. కోర్ కంపెనీలు ఫ్రెషర్ దగ్గర వెతికేది ఎక్కువ పాఠాలు కాదు, ఒక్క పాఠాన్నైనా వస్తువు దాకా తీసుకెళ్లగల ఓపిక. ఆ సాధనకు ఇంత చవకైన, ఇంత తేలిగ్గా దొరికే విషయం మరొకటి కష్టం. ఈ వారాంతం ఒక సిరంజి కొనండి, అయిదు ఉపరితలాలు ఎంచుకోండి, కొలతలు ఒక నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టండి. ప్లేస్‌మెంట్ సీజన్ నాటికి ఆ నోట్‌బుక్ మీ చేతిలో ఉండాలి.